సూట్‌కేసు వెళ్ళింది కనుక నేనూ వెళ్ళినట్టే

నేను పగడపు దీవుల దేశం నుంచి ఒక శుక్రవారం పొద్దున్నే చట్టప్రకారం వెళ్ళిపోయాను. పాస్‌పోర్టు మీద ముద్ర కూడా పడింది. వెళ్ళిపోయిన తర్వాత పై శనివారం దాకా అక్కడే ఉన్నాను. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నమ్మనివాళ్ళు మంగళగిరి మెయిన్ బజార్లో మా స్టీలు సామాన్ల కొట్టుకు వస్తే ముద్ర చూపిస్తాను, కాఫీ కూడా ఇప్పిస్తాను.

నా పేరు దామిశెట్టి పానకాలరావు. నాకు ఒక్కతే చెల్లెలు, కోటేశ్వరమ్మ. దానికి ఒక్కతే కూతురు, సింధూజ. మా వైపు పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపం దాకా మోసుకురావాలి. సింధూజకు ఉన్న మేనమామను నేనొక్కణ్ణే. చిన్నప్పుడు నా భుజాలెక్కి ఊరేగుతూ, ‘నా పెళ్ళికి నువ్వే మొయ్యాలి మామయ్యా’ అని నా చెవి మెలేసి మరీ మాట తీసుకుంది. అప్పటికి అది పదిహేను కిలోలు ఉండేది, నాకు నడుం నొప్పి ఉండేది కాదు. నేను సరేనన్నాను.

పెళ్ళి ఆదివారమని లగ్నపత్రిక రాసుకున్నాం. ‘పెళ్ళి పనుల్లో పడితే ఇంక ఊపిరాడదు, ఈలోపే ఆ విదేశమేదో చూపించి తగలడండి’ అని మా ఆవిడ శేషారత్నం పట్టు పట్టింది. గుంటూరు టూర్లవాళ్ళతో కలిసి బయల్దేరాం. వీసా మీద ‘చెల్లుబాటు ఒక సంవత్సరము, ఎన్ని పర్యాయములైనను రావచ్చును’ అని ఉంది. దాన్ని జిరాక్స్ తీయించి కొట్లో గోడకు అంటించాను. ఏడాది పాటు అక్కడే ఉండొచ్చని బజారంతా ఒప్పేసుకుంది, నేనూ ఒప్పుకున్నాను. నాకంటే తెలివైనవాడు బజార్లో ఉంటే కదా, కాదనడానికి!

ఆ దేశం గురించి ఒక మాట చెప్పాలి. ఎప్పుడో మన కోస్తా నుంచి చెరుకు తోటల పనికి ఓడలెక్కి పోయినవాళ్ళ మునిమనవలే ఇప్పుడక్కడ ప్రభుత్వం. తెలుగే రాజభాష. కాకపోతే ఓడెక్కిన రోజున మూటలో ఏ తెలుగు కట్టుకుపోయారో దాన్నే ఇంకా ఇస్త్రీ చేసి వాడుతున్నారు. పాస్‌పోర్టుల మీద ముద్ర వేసే ఉద్యోగిని ద్వారపాలకుడు అంటారు. మేం దిగిన రోజు ద్వారపాలకుడు నా ముఖమూ ఫోటో ముఖమూ మార్చి మార్చి చూసి, “తమరి రాకకు హేతువేమి?” అన్నాడు.

“చూసిపోదామనండీ” అన్నాను.

“ఎన్ని దినములు?”

మా గైడు వెనకనుంచి “పది” అన్నాడు. టప్పున ముద్ర పడింది. ఆ ముద్రలో ఏముందో నేను చూడలేదు. అవతల కుక్కొకటి మా గోంగూర పచ్చడి డబ్బాను వాసన చూస్తోంది, నా ప్రాణమంతా అక్కడే ఉంది.

చూడవలసినవన్నీ చూశాం. శుక్రవారం మధ్యాహ్నం తిరుగు విమానమనగా ముందురోజు మా సిద్ధాంతిగారికి ఫోన్ చేశాను. ఆయన్ని అడక్కుండా నేను కొట్టు షట్టరు కూడా మార్చను.

“రేపు మజ్జానం నుంచి నీకు అష్టమ చంద్రుడు పానకాలూ. కాలు బయట పెట్టావంటే నా పూచీ లేదు” అన్నాడాయన.

“మళ్ళీ విమానం సోమవారమేనండీ. పెళ్ళి ఆ పై ఆదివారం.”

“సోమవారం తూర్పుకు శూల. మనం తూర్పునేగా ఉన్నది! ఒక పని చెయ్. రేపు పొద్దున మంచి గడియ ఉంది, పరస్థానం పెట్టెయ్. సోమవారం వచ్చినా రేపు బయల్దేరినట్టే లెక్క.”

ఈ కాలం పిల్లలకు తెలియదేమో గానీ, పరస్థానమంటే పెద్ద విద్యేమీ కాదు. మంచి గడియకు మనిషి కదలడం కుదరకపోతే ఆ మనిషి బట్టల మూటో సంచో ఆ గడియకు గడప దాటించి పక్కింట్లో పెడతారు. మూట వెళ్ళింది కనుక మనిషి వెళ్ళినట్టే. మనిషి మర్నాడు తీరిగ్గా కాఫీ తాగి వెళ్తాడు. మా నాన్న ప్రతి ప్రయాణానికీ ఒక సంచి పెట్టేవాడు, ఆ సంచి ఆయనకంటే ఎక్కువ ఊళ్ళు తిరిగింది.

“నా రాశికేం రోగం లేదుగా, నేను పోతా. ఆడ కోటేశ్వరమ్మ ఒక్కతే పెళ్ళి పనులతో చచ్చిపోతా ఉంది. మీ పరస్థానం నేనే పట్టుకుపోతాలెండి” అంది శేషారత్నం. పక్కింటికి బదులు పక్క దేశం, అంతేగా అనుకున్నాను. వీసా ఏడాదిపాటు ఉండనే ఉంది. ఎందుకైనా మంచిదని నా పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని ఆవిణ్ణి సాగనంపడానికి విమానాశ్రయానికి వెళ్ళాను.

అక్కడ ద్వారపాలకుడు మా ఆవిడ ముందున్న రెండు సూట్‌కేసులు చూసి, “ఈ రెండవ పేటిక యెవరిది?” అని అడిగాడు.

“మా ఆయన పరస్థానమండీ. ఆయన సోమవారం వస్తారు.”

ఆ మాట వినగానే అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నా సూట్‌కేసుకు చేతులు జోడించాడు. పక్క బల్లల మీదివాళ్ళను కూడా పిలిచి చూపించాడు. నన్ను అద్దం దగ్గరికి రమ్మని సైగ చేసి, పాస్‌పోర్టు అందుకుని, కళ్ళకద్దుకుని, టప్పున ముద్ర వేసి ఇచ్చాడు. ఎంత మర్యాద! మన దేశంలో ఉన్నారా ఇలాంటి ఉద్యోగులు అని నేను పొంగిపోయాను.

సోమవారం వెళ్తే అదే ద్వారపాలకుడు. పాస్‌పోర్టు తెరిచి, చూసి, భద్రంగా మూసి నా చేతికిచ్చేశాడు.

“తమరు శుక్రవారమే నిష్క్రమించియున్నారు.”

“లేదండీ, అది మా పెట్టె. నేను ఇప్పుడు పోతున్నా.”

“మా దేశమున పరస్థాన శాసనము కలదు. పేటిక సరిహద్దు దాటినచో యజమాని దాటినట్లే. మా పూర్వీకులు ఓడలెక్కునాడు మూట ముందు, మనిషి వెనుక. ఆనాటి శాసనమును మేము అక్షరము మార్చలేదు.”

“పోనీలెండి, నా వీసా ఏడాది ఉందిగా!” అన్నాను గోడకంటించిన ధైర్యంతో.

ఆయన నన్ను చూసి జాలిపడ్డాడు. “చెల్లుబాటు వేరు, బస వేరు. చెల్లుబాటనగా తమరు వచ్చి మా తలుపు తట్టుటకు గల గడువు. అది సంవత్సరము. బసయనగా తలుపు తీసిన పిమ్మట లోపల కూర్చుండుటకు గల గడువు. అది ద్వారమున నేను నిర్ణయింతును. తమకు పది దినములిచ్చితిని. శుక్రవారముతో సరి.”

అప్పుడు వెలిగింది నాకు. శుభలేఖ చేతిలో ఉంటే విందుకు ఏ వేళకైనా వెళ్ళొచ్చు. కానీ బంతిలో కూర్చున్నాక మజ్జిగ పోసేస్తే లేవాల్సిందే, శుభలేఖ చూపించి ఇంకో పూట కూర్చుంటానంటే కుదరదు. ఈ ముక్క గోడకంటించక ముందు ఎవరన్నా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

“తప్పయిపోయింది. బస దాటి ఉన్నందుకు జరిమానా రాయండి, కట్టి పోతా” అన్నాను.

“జరిమానా బస మీరినవారికి గదా! తమరు మీరలేదు. గడువు రోజుననే బుద్ధిగా వెళ్ళిపోయినారు. తమవంటి క్రమశిక్షణగల యాత్రికుని నేనింతవరకు చూడలేదు.”

“మరి పంపించండి మహాప్రభో!”

“వెళ్ళినవారు మరల వెళ్ళుటకు వీలుపడదు. వెళ్ళవలెనన్న ముందు రావలెను. తమ వీసా చెల్లుబాటులోనే యున్నది, నిరభ్యంతరముగా రండి.”

“ఎక్కణ్ణుంచి రమ్మంటారండీ?”

“బయటినుండి.”

“మరి మీ ఎదురుగా నిలబడి అరుస్తున్నది ఎవరయ్యా!”

“ఆ విషయము మా శాఖ పరిధిలోనికి రాదు” అని ఆయన నా వెనకున్న మనిషిని పిలిచాడు. విమానం వెళ్ళిపోయింది.

బసకు తిరిగొస్తే లాడ్జి గుమాస్తా నా పేరు కొట్టేసి, గది ఇంకెవరికో ఇచ్చేశాడు. పాపం మంచివాడే. హాల్లో సోఫా చూపించి, “అందెవరును లేరు” అని లైటు ఆర్పాడు. నేను వెళ్ళి అందెవరూ లేకుండా పడుకున్నాను. సోఫా నడుం దగ్గర గుంటపడి ఉంది. పొద్దున లేచేసరికి నా నడుం పట్టేసింది.

వెళ్ళిపోయిన మనిషి బతుకు మొదట్లో హాయిగానే ఉంటుంది, ఒట్టు. బస్సులో కండక్టరు టిక్కెట్టు కొట్టడు. రోడ్డుకు అడ్డంపడి వెళ్తే పోలీసు ఈల నోట్లో పెట్టుకుంటాడు, పాస్‌పోర్టు చూపిస్తే ఈల తీసేస్తాడు. భోజన హోటల్లో మాత్రం నా ముందు విస్తరి వెయ్యరు. పక్కాయన విస్తరి మీదికి కాస్త జరిగి అడుక్కోవాలి. అదీ సర్దుకున్నాను. కానీ అక్కడి గుళ్ళో అర్చకుడు అందరి గోత్రాలూ అడిగి నా దగ్గరికొచ్చేసరికి నన్ను దాటి వెనకాయన్ని అడిగాడు చూడండి, అప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దేవుడికి కూడా ముద్ర చూపించాలంటే ఎలా?

ఇంటికి ఫోన్ చేస్తే చెల్లెలి మొగుడు రత్తయ్య ఎత్తాడు. “ఏం బావా, నువ్వు వచ్చేశావంటగా!” అన్నాడు. నేను స్వదేశం క్షేమంగా చేరానని ఆ ప్రభుత్వం ధ్రువపత్రం పంపించిందట, గోపురం బొమ్మతో, రెండు సంతకాలతో. చుట్టాలంతా వచ్చి మా నడింట్లో నిలబెట్టిన సూట్‌కేసును పలకరించి పోతున్నారట.

“నవ్వులాటగా ఉందా? ఆదివారం గంప ఎవడు మోస్తాడు?” అన్నాను.

“దానికేం బావా, పెట్టెకు చక్రాలుండాయి. గంప దాని మీద పెట్టి లాక్కొస్తాం. పురోహితుడు గూడా కాయితం చూసి సరేనన్నాడు. నీకంటే నున్నగా వస్తది.”

ఇంతలో అటుపక్క ఫోన్ లాక్కున్న చప్పుడయింది. సింధూజ. “మామయ్యా, పెట్టె మోస్తే నేను ఎక్కను. పెళ్ళి ఆగితే ఆగిద్ది. నువ్వు మాటిచ్చావు” అంది. ఎప్పుడో చెవి మెలేసినప్పటి గొంతే. నాకు ఆ దేశం మీద, సిద్ధాంతి మీద, గోడ మీది జిరాక్స్ మీద ఒకేసారి ఒళ్ళు మండిపోయింది.

బుధవారం పొద్దున్నే నడుం పట్టుకుని ద్వారపాలక శాఖ ప్రధాన కార్యాలయానికి వెళ్ళాను. అక్కడ మహాద్వారపాలకుడు శ్రీ సింహాద్రి అప్పలూగారు. గది తలుపు ఎంత ఎత్తుందంటే ఏనుగు మీద వచ్చేవాళ్ళ కోసం కట్టించినట్టుంది.

“తమరు మంగళగిరిలో క్షేమమే గదా?” అన్నారాయన.

“అయ్యా, నేను ఇక్కడున్నాను. ఒకసారి ముట్టుకు చూడండి.”

“స్పర్శకు శాసనమున తావు లేదు.”

“సోఫా మీద పడుకుని నడుం పట్టేసింది. వంగలేకపోతున్నాను. లేనివాడికి నడుం నొప్పి వస్తుందాండీ?”

ఆయన గుమాస్తా వైపు తిరిగి, “నొప్పి సాక్ష్యముగా స్వీకరింపబడదని వ్రాయుము” అన్నారు. తర్వాత నాకేసి దయగా చూశారు. “మార్గమొకటి కలదు. తమ పేటికను తిరిగి రప్పింపుడు. అది ప్రవేశించినచో తమరు ప్రవేశించినట్లే. పిమ్మట ఇరువురును కలిసి వెళ్ళవచ్చును.”

పెట్టె పంపమని ఫోన్ చేస్తే రత్తయ్య ససేమిరా అన్నాడు. “నువ్వు వస్తావో రావో. పెట్టె గూడా పోతే మేనమామ ఆనవాలు లేకుండా పోద్ది బావా. పెళ్ళయ్యేదాకా పెట్టె కదలదు.” అతని మాటలో న్యాయం ఉంది, అదే నా ఖర్మ.

ఫోన్ పెట్టేసి నేను గట్టిగా అరిచాను. “ఏం రూల్సయ్యా ఇవి? మా గుంటూరు బస్టాండులో బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేస్తే చాలు, మనిషి లోపలున్నట్టే! వందమంది ఎక్కినా ఆ సీట్లో ఎవడూ కూర్చోడు. లోపలికి రావడానికి ఇంత రాద్ధాంతమా!”

మహాద్వారపాలకుడు కలం కింద పెట్టారు. “మరియొకమారు సెలవిండు” అన్నారు. చెప్పాను. గుమాస్తా పరుగెత్తి చెదలు పట్టిన పుస్తకాలు తెచ్చాడు. సాయంత్రం దాకా వెతికారు. తాతలు ఓడలో చోటు కోసం ముందుగా తుండుగుడ్డ విసిరేవారని, దాన్ని తీసిన వాణ్ణి సముద్రంలోకి తోసేవారని అందులో దొరికింది. ఆయన ఆనందం పట్టలేకపోయారు. “కర్చీఫు! ఎంతటి సూక్ష్మము! బయటినుండి తమ కర్చీఫు ఏతెంచినచో ప్రవేశము సిద్ధించినట్లే. చెల్లుబాటు ఉండనేయున్నది!”

గురువారం విమానానికి కొత్త బ్యాచ్‌ను తెస్తున్న గైడుకు మా ఆవిడ నా కర్చీఫ్ ఇచ్చి పంపింది. ఉతికి, మడతపెట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి. నేను పాస్‌పోర్టు లోపలికి అందించి, అద్దానికి ఇవతల నిలబడి చూశాను. ద్వారపాలకుడు కర్చీఫ్ విప్పి, నా వీసాతో సరిచూసి, “రాకకు హేతువేమి?” అని అడిగాడు.

“చూసిపోదామనండీ” అన్నాడు గైడు, నా తరఫునో కర్చీఫ్ తరఫునో తెలియదు.

“ఇంత చిన్న వస్త్రమునకు పది దినములెందులకు? మూడు చాలును” అని టప్పున ముద్ర వేశాడు. నాకు ఉన్నపళంగా ఉనికి వచ్చేసింది. ఎదురుగా పోలీసు ఈల ఊదాడు, నిలబడకూడని చోట నిలబడ్డానట. ఆ ఈల ఎంత కమ్మగా వినపడిందో చెప్పలేను. ఆనందంతో ఏడ్చి ఆ కర్చీఫుతోనే ముక్కు తుడుచుకున్నాను. ద్వారపాలకుడు మొహం తిప్పుకున్నాడు.

ఆ వచ్చిన విమానంలోనే తిరిగి పోదామంటే ‘వచ్చిన దినముననే వెళ్ళుట అతిథి మర్యాద కాదు’ అని ఇంకో శాసనం అడ్డం పడింది. శుక్రవారం విమానం నిండిపోయింది, ఇంక రద్దీకని కొత్తగా వేసిన శనివారం సాయంత్రం విమానమే దిక్కు. సిద్ధాంతి ఫోన్ చేసి, “శనివారం కూడా తూర్పుకు శూలేనయ్యా, పరస్థానం...” అంటుండగానే ఫోన్ కట్టేశాను. జన్మలో మొదటిసారి.

శనివారం నా చేతిలో సంచి కూడా లేకపోవడం చూసి ద్వారపాలకుడు కంగారుపడ్డాడు.

“పరస్థానమేదీ?”

“లేదండీ. నేనే పోతున్నా.”

“స్వయముగానా?” అని ఆయన లేచాడు. మళ్ళీ పక్క బల్లలవాళ్ళను పిలిచాడు. మనిషే స్వయంగా వెళ్ళడం అందరూ వింతగా చూశారు. ఒకాయన ఫోటో కూడా తీసుకున్నాడు.

మద్రాసులో విమానం మారేచోట ఆలస్యమైంది. ఆదివారం ముహూర్తం పొద్దున్న. గోడ గడియారం ముల్లు ముహూర్తం దాటడం అక్కడే కుర్చీలో కూర్చుని కళ్ళారా చూశాను. అయిపోయింది, దానికిచ్చిన మాట అయిపోయిందని తల పట్టుకున్నాను. అప్పుడు శేషారత్నం ఫోన్.

“ఏడవమాకండి. పిల్ల ఏం చేసిందో ఇనండి” అంది.

గడియ దగ్గర పడుతుంటే రత్తయ్య సూట్‌కేసు మీద గంప పెట్టి గది ముందు నిలబెట్టాడట. పురోహితుడు తొందర పెడుతున్నాడట. సింధూజ తలుపు తీసి, తన పూలజడ విప్పి గంపలో పెట్టిందట. ‘ఇది నా పరస్థానం. మండపంలో పెట్టుకోండి. ముహూర్తానికి నేను వచ్చినట్టే. మా మామయ్య వచ్చాక నేను వస్తా’ అని మళ్ళీ తలుపేసుకుందట. పురోహితుడు పుస్తకమంతా తిరగేసి, “పెట్టె మేనమామ అయినప్పుడు జడ పెళ్ళికూతురు కాదనడానికి నాకు నోరు లేదు” అన్నాడట. పెళ్ళికొడుకు నవ్వాపుకుంటూ జడను పక్కన పెట్టుకుని పీటల మీద కూర్చున్నాడట. వచ్చినవాళ్ళు ముహూర్తానికి అక్షింతలు వేసి, భోజనాల దగ్గర కుర్చీల మీద తలా ఒక కర్చీఫ్ వేసి చెట్టు కింద కబుర్లు చెప్పుకుంటున్నారట.

గన్నవరంలో దిగి కారు తోలినవాడి ప్రాణం తీసి కల్యాణ మండపం చేరాను. సూట్‌కేసు గది ముందే ఉంది, కుంకుమ బొట్టు, మెడలో దండ. దాన్ని చూస్తే నాకే నమస్కారం పెట్టాలనిపించింది. సింధూజ తల మీద పట్టుబట్ట కప్పుకుని గంపలో కూర్చుంది. ఒక్కణ్ణే ఎత్తబోతే గంప లేవలేదు. పదిహేను కిలోల కాలం పోయింది. చివరికి గంప ఒక అంచు సూట్‌కేసు మీద ఆనించాం, రెండో అంచు నేను పట్టుకున్నాను. వెనక నుంచి రత్తయ్య పెట్టెను తోస్తున్నాడు. చట్టప్రకారం చూస్తే ఇద్దరు మేనమామలం మోస్తున్నాం.

సన్నాయి అందుకుంది. బట్ట కింద నుంచి దాని గొంతు చిన్నగా వినపడింది.

“మామయ్యా, నువ్వు ఏ పక్క?”

“ఈ పక్కేనమ్మా.”

“నువ్వేనా? నీ పెట్టె కాదుగా?”

ఏం చెప్పాలి? పాస్‌పోర్టు చూపిస్తే రెండు నిష్క్రమణలున్నాయి. ధ్రువపత్రం చూస్తే వారం కిందటే వచ్చేశాను. ఇంతలో గడప అడ్డం వచ్చి గంప కుడివైపు ఒరిగింది. దాని బరువంతా నా మీద పడింది.

“అమ్మో, నా నడుమే తల్లో!” అని కేకేశాను.

బట్ట కింద కిలకిలా నవ్వింది పిల్ల. చెయ్యి చాపి నా చెవి వెతుక్కుని పట్టుకుంది.

“నువ్వేలే” అంది. “నడు.”